మార్కర్‌కి పసుపు పూసిన శనివారం

సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు పొంగి పొర్లుతున్న రోజుల్లో నేను మాత్రం బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ అంటే పార్కులో ఉండేది కాదు. మమ్మల్ని ఇండియా నుంచి తెచ్చిన కంపెనీ, పని లేకపోయినా రోజూ ఆఫీసుకు రమ్మంటుంది, ఓ మూల బల్ల చూపిస్తుంది, వచ్చేపోయేవాళ్లంతా మన వంక జాలిగా చూస్తారు. కొన్నాళ్లు అలా చూశాక, ఇక్కడ పనిచేయనిచ్చే పాస్ రద్దు చేసి విమానం ఎక్కిస్తారు. నా పాస్ పోతే నా భార్య పాస్ కూడా పోతుంది. ఆవిడ యూ టీ అనే పేటలో మా బ్లాక్ కిందే ఉన్న పసిపిల్లల బడిలో చేరి ఐదు నెలలు. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలు ఏమన్నారో నటించి చూపించేది. "టీచర్, డోన్ట్ వాంట్ లా!" అని, ఇక్కడివాళ్లు ప్రతి మాటకీ తగిలించే 'లా'తో సహా, మూడేళ్ల పిల్లలాగా మూతి ముడిచి, తనే పకపకా నవ్వేది. పెళ్లయ్యాక ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. అందుకని నాకు ఏదో ఒక ప్రాజెక్టు కావాలి. వచ్చే నెలాఖరులోగా కావాలి.

ఒకే ఒక్క ప్రాజెక్టులో ఒకే ఒక్క ఖాళీ ఉంది. బెంచీ మీద ఇద్దరం ఉన్నాం. రెండోవాడు కరీంనగర్ నుంచి వచ్చిన పెళ్లికాని కుర్రాడు. నన్ను "బావా" అనేవాడు, మా ఆవిడని "చెల్లె" అనేవాడు, ఆ చుట్టరికంతో వారానికి నాలుగు పూటలు మా ఇంట్లో తినేవాడు. ఆ ఖాళీ ఎవరికివ్వాలో తేల్చాల్సిన మేనేజరు మలేషియాలో పుట్టిన తెలుగాయన. వాళ్ల తాతలు ఎప్పుడో రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. ఆయన తెలుగులో సగం తమిళం, పావు మలయ్, మిగిలిన పావు ఇంగ్లీషు. ఆయనకున్న ఒకే ఒక వ్యసనం పెయింట్‌బాల్.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. రెండు జట్లు అడవిలో దూరి, గాలి ఒత్తిడితో పనిచేసే యంత్రంతో ఒకళ్లనొకళ్లు రంగు గోళీలతో కొట్టుకుంటాయి. గోళీ ఒంటి మీద పగిలి రంగు అంటితే ఔట్. చేతిలోని యంత్రం మీద పగిలినా ఔటే. దాన్ని తుపాకి అంటే ఆటగాళ్లకి కోపం, మార్కర్ అనాలి. తుపాకి అంటే సింగపూర్ పోలీసులకి ఇంకా కోపం. అందుకే దాన్ని ఇంటికి తీసుకుపోవడానికి వీల్లేదు, ఆట జరిగే చోటే తాళం వేసిన గదిలో ఉండాలి. అదనంగా డబ్బు కడితే ఒక మార్కర్‌ని మన కోసం కేటాయింపజేసుకుని, దానికి నచ్చిన భాగాలు అక్కడివాళ్లతోనే పెట్టించుకోవచ్చు.

మేనేజరు ఒక రోజు మా ఇద్దర్నీ పిలిచాడు.

"మీ రెజ్యూమేలు రెండూ ఒకటే మాదిరి ఉండాయి లా. ఒకటే ఆలు రాసినాడా?"

ఆలు అంటే తమిళంలో మనిషి. నిజంగానే ఒకడే రాశాడు.

"సరే, వచ్చే నెల మొదటి శనివారం అడవికి రండి. చెరొక టీములో ఆడండి. ఎవడు కడాసి దాకా నిలుస్తాడో, వాడికి సోమవారం సైను. ఓకే వా?"

ఆయన సగం వేళాకోళానికి అన్నాడేమో ఇప్పటికీ నాకు తెలియదు. బెంచీ మీద కూర్చున్నవాడికి వేళాకోళం అర్థం కాదు. మేం ఇద్దరం ఆ పూటే వెళ్లి ఆటలో చేరాం. మొదటి రెండు వారాలూ నేను ఆట మొదలైన మూడో నిమిషానికే ఔట్. ఒకసారైతే మా జట్టువాడే నన్ను కొట్టాడు. పొరపాటున అన్నాడు గానీ వాడి నవ్వు చూస్తే నాకు నమ్మకం కుదరలేదు.

లోపం నాలో ఉందని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. లోపం మార్కర్‌లో ఉంది. దాన్ని అప్‌గ్రేడ్ చెయ్యాలి. పనిచేయనిది ఏదైనా సరే అప్‌గ్రేడ్ చేస్తే బాగుపడుతుందని నమ్మి, ఆ నమ్మకం మీదే సముద్రం దాటి వచ్చినవాళ్లం మేం.

బెంచీ మీద వేరే పనేముంది? ఇంటర్నెట్‌లో అమెరికా ఆటగాళ్లు పోట్లాడుకునే చర్చలన్నీ చదివాను. ఎక్సెల్ షీటు తయారుచేశాను. అడ్డంగా బ్యారెల్, హాపర్, ట్రిగ్గర్, గాలి సిలిండర్, మాస్క్. నిలువుగా దూరం, వేగం, చప్పుడు, బరువు. ఆఖర్న 'శత్రువుల్లో భయం' అని ఒక గడి. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు, ఆ గడికి ఇంత ప్రాధాన్యం అని హెచ్చవేతలు. మొదటినుంచీ నా కన్ను పద్దెనిమిది అంగుళాల బ్యారెల్, అంటే గోళీ బయటికొచ్చే గొట్టం మీద ఉంది. అది మెరూన్ రంగులో తళతళలాడుతూ ఉంటుంది. లెక్కలో మాత్రం అది మూడో స్థానంలో వచ్చింది. 'శత్రువుల్లో భయం' ప్రాధాన్యం పెంచాను. రెండో స్థానానికొచ్చింది. ఇంకొంచెం పెంచాను.

మా కరీంనగర్ కుర్రాడు నా భుజం మీద నుంచి తొంగి చూశాడు.

"లెక్క మంచిగనే ఉన్నది బావా. గని నువ్వు ముందుగాల జవాబు రాస్కొని తర్వాత లెక్క జేసినట్టున్నది."

"నీకు తెలీదు. అడవిలో దూరం ముఖ్యం."

"అడవిల పదడుగులు గూడ కనవడది. గింత పొడుగు గొట్టం ఏం జేస్కుంటవ్? గిది బొంగు. దీంతోని మామిడికాయలు తెంపొచ్చు."

అతను తన కోసం ఒకే ఒక్కటి ఎంచుకున్నాడు, మాస్క్. రెండు పొరల అద్దం, ఆవిరి పట్టదు. మార్కర్ మాత్రం అక్కడ అద్దెకిచ్చే డొక్కుదే. నా షీటులో మాస్క్‌కి పదికి రెండు మార్కులు. మాస్క్ చూసి ఎవడు భయపడతాడు?

ఆట దగ్గర రెఫరీగా ఉండే మలయ్ అంకుల్ కూడా అదే అన్నాడు. అరవై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. నా జాబితా చదివి, తల గోక్కుని, ఫస్ట్ మాస్క్ లా, ఇక్కడి ఉక్కకి అద్దెవాటి అద్దం నిమిషంలో మసకేస్తుంది అన్నాడు. పొడుగు బ్యారెల్‌తో గోళీ దూరం పోదని, తీగలకి తగులుకుంటుందని, ఈ గాలి తేమకి గోళీలే ఉబ్బిపోతాయి కాబట్టి గొట్టం పొడుగు కాదు, దాని లోపలి వెడల్పు చూసుకోవాలని ఓపిగ్గా చెప్పాడు. నేను అంతా విని, థాంక్యూ అంకుల్ అని, మెరూన్ బ్యారెల్ చూపించాను. దానితోపాటు బ్యాటరీతో తిరిగే హాపర్. హాపర్ అంటే మార్కర్ నెత్తిన గోళీలు పోసే డబ్బా. మామూలుదైతే మధ్యమధ్య ఊపుతూ ఉండాలి. ఇది తనంతట తనే గోళీల్ని కిందికి తోస్తుంది. గాలి సిలిండర్ ఒక్కటి మా కుర్రాడు పోట్లాడి తన మాట నెగ్గించుకున్నాడు కాబట్టి అదొక్కటి సరైనది వచ్చింది.

నాతో పోటీ పడాల్సినవాడు నాకెందుకు సాయం చేస్తున్నాడని మా ఆవిడ అడిగితే, "ఎవలకు రావాల్నో గాళ్లకే వస్తది చెల్లె. గంతదాంక బావ బొంగు పట్టుకోని తిరుగుతుంటే జూడబుద్ధయితలేదు" అన్నాడు, చారు జుర్రుకుంటూ.

ఇక్కడ మా ఆవిడ రంగంలోకి దిగింది.

"కొత్తది కదా. పూజ చెయ్యకుండా ఎలా వాడతారండీ?"

"అది స్కూటర్ కాదే."

"మిక్సీకి కూడా చేశాం. మన బతుకంతా దీని మీద వేలాడుతుంటే దీనికి చెయ్యమా? మీరు ఊరుకోండి."

ఊరుకున్నాను. ఆ శనివారం పొద్దున్నే ముగ్గురం రైలెక్కి, బస్సు మారి ఆట దగ్గరికి వెళ్లాం. ఆవిడ చేతిసంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు, అగరొత్తులు, కర్పూరం ఉన్నాయి. నా సంచిలో మార్చుకోవడానికి చొక్కా ఉంది.

తాళం గదిలోంచి మార్కర్ వచ్చింది. మెరూన్ బ్యారెల్ ఎండలో మెరిసిపోతోంది. బల్ల మీద తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టాం. ఆవిడ అగ్గిపుల్ల తీయగానే మలయ్ అంకుల్ పరుగున వచ్చాడు. "నో నో నో! ఎయిర్ ట్యాంక్!" పక్కనే గాలి సిలిండర్ల వరస. కర్పూరం వెలిగించకుండానే మూడుసార్లు తిప్పింది. అగరొత్తులూ అంతే. కొబ్బరికాయ కొట్టడానికి రాయి కావాలి. అక్కడ ఉన్నదల్లా సిమెంటు మెట్టు. ఠప్పుమనేసరికి పక్కనున్న చైనా కుర్రాళ్లు ఇద్దరు కింద పడుకున్నారు. ఇక నిమ్మకాయ. బండికైతే చక్రం కింద పెట్టి తొక్కిస్తాం. దీనికి చక్రమేది? ముగ్గురం కాసేపు ఆలోచించాం. చివరికి నన్నే మార్కర్ పట్టుకుని నిమ్మకాయని మడమతో తొక్కమంది. తొక్కాను. జారి వెల్లకిలా పడ్డాను. మార్కర్‌కి దెబ్బ తగలలేదని అందరూ సంతోషించారు.

పసుపు తడిపి పెట్టే పని మా కుర్రాడు తీసుకున్నాడు. "నేను పూస్త చెల్లె, మా ఇంట్ల ట్రాక్టర్‌కు నేనే పూస్త" అని రెండు వేళ్లతో హాపర్‌కి ఇటూ అటూ దండిగా పట్టించాడు. ఆ మీద ఆవిడ కుంకుమ బొట్టు పెట్టింది. చేతులు జోడించి కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవలేదు. ఏం కోరుకుంటోందో నాకు తెలుసు.

అప్పుడు ఎవరమూ చూడని సంగతి ఒకటుంది. ఆ రోజు తెప్పించిన గోళీల పెట్టెలన్నీ పసుపు రంగువి.

ఈల వేశారు. మేనేజరు మా జట్టు నాయకుడు. మా కుర్రాడు అవతలి జట్టు. నేను పాతికడుగులు పరిగెత్తానో లేదో మెరూన్ బ్యారెల్ ఏదో తీగకి చుట్టుకుంది. లాగితే కొమ్మంతా ఊగింది. అడవి మొత్తానికి నా చిరునామా తెలిసింది. నాలుగు గోళీలు చెవి పక్కనుంచి వెళ్లాయి. ఎలాగో విడిపించుకుని ఒక దుంగ చాటుకి చేరితే, అవతలివాడెవడో "హిట్! హిట్! చెక్!" అని అరిచాడు. అనుమానం వచ్చినప్పుడు చెక్ అంటే రెఫరీ వచ్చి చూస్తాడు. మలయ్ అంకుల్ వచ్చాడు. హాపర్ మీద తడితడిగా పసుపు.

"ఔట్."

"నో అంకుల్! పూజ! మార్నింగ్! యూ సా!"

ఆయన వేలితో రాసి వాసన చూశాడు. మొహం విచ్చుకుంది. "కున్యిట్!" అన్నాడు. వాళ్ల భాషలో పసుపు. ఇంకోసారి వాసన చూసి, "గుడ్ క్వాలిటీ ఆ. యువర్ వైఫ్ బయ్ వేర్?" అని అడిగాడు. లిటిల్ ఇండియా అన్నాను. ప్లే ఆన్ అన్నాడు. చెట్టు వెనకనుంచి మేనేజరు, "డేయ్ తంబీ, ఆడడానికి వచ్చినావా, కొళంబు వండడానికి వచ్చినావా?" అని కేకేశాడు.

అప్పటికే అద్దె మాస్క్ అద్దం మసకేసింది. నాకు అడవి మొత్తం పాలు పోసినట్టు కనిపిస్తోంది. ఆకు కదిలినా శత్రువే, నా ముక్కు నాకే శత్రువు. బ్యాటరీ హాపర్ ఊరుకోకుండా కర్ర్ కర్ర్ మని తిరుగుతూనే ఉంది. చిరాకొచ్చి దాని మీట కట్టేశాను. ఒక పల్లంలోకి దిగి బోర్లా పడుకున్నాను. దోమలు కుడుతున్నాయి. చీమలు బనియన్‌లోకి దూరాయి. కదల్లేదు. అప్‌గ్రేడ్లు ఏవీ పనికిరాలేదు గానీ కదలకుండా పడుకోవడం పనికొచ్చింది. అది బెంచీ మీద నేర్చుకున్న విద్య. ఒక్కొక్కళ్లే చేతులెత్తి బయటికి నడుస్తున్నారు. చివరికి మా జట్టులో నేను, మేనేజరు. అవతల ఒక్కడే, మా కుర్రాడు.

నేను లేచి రెండడుగులు వేశాను. హాపర్ మీద టప్‌మంది. చేతికి అదురు తెలిసింది. చల్లటి చుక్క మణికట్టు మీద పడింది. అనుమానం లేదు, పగిలింది. నేను ఔట్.

"తగిలింది! చెక్!" అన్నాడు మా కుర్రాడు, చెట్టు చాటునుంచి.

రెఫరీ ఆట ఆపి వస్తున్నాడు. నాకు ఆ పది అడుగుల వ్యవధి దొరికింది. చెయ్యి ఎత్తితే అయిపోయేది. చేతిని ప్యాంటుకు తుడుచుకుని, "పసుపు!" అని అరిచాను. "కున్యిట్ అంకుల్! సేమ్ కున్యిట్!" నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన వంగి చూశాడు. పసుపు మీద పసుపు. వాసన చూస్తే పసుపు వాసనే వస్తుంది, రాదా మరి? సందేహంగా మా కుర్రాడిని రమ్మన్నాడు. అతను వచ్చాడు. తన రెండు పొరల అద్దంలోంచి హాపర్‌ని చూశాడు, నన్ను చూశాడు.

"ఎస్ అంకుల్. టర్మరిక్ ఓన్లీ. మార్నింగ్ నేనే పూసిన" అన్నాడు.

ప్లే ఆన్. అతను తన చెట్టు దగ్గరికి వెళ్లాడు. ఎందుకో సగం బయటికే నిలబడ్డాడు. నేను హాపర్ మీట మళ్లీ వేసి, ఆ మసకలో కనపడ్డ ఆకారం మీదికి ఎడాపెడా కొట్టాను. ఒకటి భుజానికి తగిలింది. అతను చెయ్యెత్తి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మేనేజరు వచ్చి నా వీపు మీద చరిచి, "సోమవారం పొద్దున రా, సైను చేద్దాం" అన్నాడు. వల అవతల మా ఆవిడ రెండు చేతులూ ఊపుతూ గంతులేస్తోంది. నేను మణికట్టుని మళ్లీ ప్యాంటుకు తుడుచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అతను ఎప్పటిలాగే భోజనానికి వచ్చాడు. రాడనుకున్నాను, రాకూడదనుకున్నాను కూడా. ఆవిడ గుత్తివంకాయ చేసింది, పాయసం చేసింది. వడ్డిస్తూ, "అన్నయ్యా, మీకు కూడా వచ్చేవారం ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది. నిన్న చూశారుగా, పసుపు మహిమ" అంది.

కలిపిన ముద్ద కంచంలో వదిలేశాను.

"అది పసుపు కాదు" అన్నాను. "రెండోసారిది పసుపు కాదు. గోళీ పగిలింది. నేను ఔట్."

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అతను మాత్రం వంకాయ తుంచుకుంటున్నాడు.

"తెల్సు బావా. కొట్టినోన్ని నేను, పగిలింది నాకు తెల్వదా?"

"మరి పసుపని ఎందుకు చెప్పావు?"

"నీ గొంతు విన్న." అతను తల ఎత్తలేదు. "అంత బుగులువడ్డ గొంతు నేను ఎన్నడు వినలే బావా. ఔటని అంటే ఆడనే కూలవడి ఏడ్సేటట్టున్నవ్. అందరి ముందు మేనేజరు నీ ఏడుపు జూసుడెందుకని పసుపన్న. నాకేంది, ఒక్క సూట్‌కేసు. ఏడికి పొమ్మంటే ఆడికి పోత."

మా ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. నిన్న గంతులేసిన మనిషి, కళ్లనిండా నీళ్లు. "రేపు వెళ్లి చెప్పండి. బడిలో పిల్లలు పక్కవాళ్ల పెన్సిలు తీసినా నేను వాళ్లచేత నిజం చెప్పిస్తాను. నా ఉద్యోగం పోతే పోనివ్వండి" అంది.

"ఏం జెప్పొద్దు" అన్నాడతను. "ఇంకింత పాయసం పొయ్యి చెల్లె."

ఆవిడ పోసింది. పోస్తూ నా వైపు చూడలేదు. నేను సరే, రేపు చెబుతాను అన్నాను. అప్పుడు నిజంగానే అనుకున్నాను. మూడు వారాల తర్వాత అతనికి జురాంగ్ ఐలాండ్ అనే ఫ్యాక్టరీల దీవిలో ఒక ప్లాంటు కంప్యూటర్ల పని దొరికింది. తన పాట్లు తనే పడి సంపాదించుకున్నాడు, అందులో నా చెయ్యి ఏమీ లేదు. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

సోమవారం ఆఫీసు తెరవకముందే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. మేనేజరు కాగితం ముందుకు తోసి, ఏమైనా చెప్పాలా అని అడిగాడు. ఏమీ లేదు సార్ అని సంతకం పెట్టాను.